ఎదగకుండా ఉండటం ఒక ఎత్తుగడ

పగడపు దిబ్బల దగ్గర తీసిన క్లౌన్ ఫిష్ ఫొటో ఏదైనా చూడండి. సీ అనిమోనీ (రాతికి అంటుకుని, టెంటకిల్స్ అనే మెత్తటి తీగలు చాపుకుని బతికే సముద్రజీవి) మధ్యలో ఒక పెద్ద చేప, దాన్ని అంటిపెట్టుకుని కొంచెం చిన్నది, అంచుల్లో రెండు మూడు బుల్లి చేపలు. చూడగానే అమ్మ, నాన్న, పిల్లలు అనేసుకుంటాం. ఆ బుల్లి చేపలు ఆ జంటకు పుట్టినవి కావు. మాటవరసకు పిల్లలందామన్నా వాటి వయసు ఒప్పుకోకపోవచ్చు. ఏళ్ల తరబడి అక్కడే, అదే సైజులో కాలం గడుపుతున్నవి కావచ్చు. తిండి చాలకో, జబ్బు చేసో అలా ఉండిపోలేదు. ఎదిగితే పైచేపలు బతకనివ్వవు గనక ఎదగడం మానుకున్నాయి.

ఈ చేప గురించి అందరూ చెప్పేవి రెండే ముచ్చట్లు. కుట్టే అనిమోనీతో దాని స్నేహం ఒకటి, మగది ఆడదిగా మారిపోవడం రెండోది. రెండూ నిజమే. కాకపోతే వాటిని ప్రకృతి వింతల చిట్టాలో విడివిడిగా ఎక్కించి, అబ్బురపడి, పేజీ తిప్పేయడం మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. ఆ స్నేహం, ఆ లింగమార్పు, అంచున తిరిగే చేప ఎదగకపోవడం, చివరికి దాని ఒంటి మీది చారలు కూడా ఒకే కారణం నుంచి పుట్టాయి. ఇళ్ల కరువు. ఉండటానికి పనికొచ్చే అనిమోనీలు కొన్నే, కావలసిన చేపలు బోలెడు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వరసగా అర్థమవుతాయని నా వాదన. దీన్ని వదిలేసి చేపను కాపాడతామంటూ వేసే లెక్కలు కూడా తప్పుదారి పడతాయని అనుకుంటాను.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. క్లౌన్ ఫిష్ అంటే ఒకే జాతి కాదు, ఆంఫిప్రియాన్ అనే ప్రజాతిలో దాదాపు 30 జాతులున్నాయి. నారింజ ఒంటి మీద నల్లంచు తెల్ల పట్టీలతో బొమ్మల్లోనూ బ్యాగుల మీదా కనిపించే రూపం రెండు జాతులది. ఒకటి పెర్క్యులా. గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగం, పపువా న్యూ గినీ, సోలమన్ దీవులు, వనువాటు దాని ఇలాకా. రెండోది ఒసెల్లారిస్. అండమాన్ సముద్రం నుంచి ఆగ్నేయాసియా మీదుగా జపాన్ దక్షిణ దీవుల దాకా ఉంటుంది. వెన్నురెక్కలో ముళ్లు లెక్కపెడితే మొదటిదానికి సాధారణంగా 10, రెండోదానికి 11. అంతకుమించి పైచూపుకు తేడా పట్టడం కష్టం. నేను ఎక్కువగా పెర్క్యులా గురించే మాట్లాడతాను, ఎందుకంటే సముద్రంలో నిజంగా అది ఎలా బతుకుతుందో మనకు బాగా తెలుసు.

ఆ తెలియడంలో పెద్ద వాటా పీటర్ బస్టన్ అనే పరిశోధకుడిది. పపువా న్యూ గినీలోని మదాంగ్ దగ్గర నిస్సారంగా కనిపించే పని ఒకటి పెట్టుకున్నారాయన. ఒక్కో అనిమోనీలో ఉన్న పెర్క్యులాలను విడివిడిగా గుర్తుపట్టి, కొలిచి, మళ్లీ మళ్లీ వచ్చి కొలవడం. 2003లో నేచర్ పత్రికలో అచ్చయిన ఫలితం మాత్రం నిస్సారం కాదు. గుంపులో అతి పెద్దది ఆడది. రెండోది మగది. గుడ్లు పెట్టి పొదిగేది ఈ జంట ఒక్కటే. వాటి కింద సున్నా నుంచి నాలుగు దాకా సంతానం కనని చేపలు, ఒకదానికన్నా ఒకటి చిన్నవి. ఈ మెట్లు ఏదో కాకతాళీయంగా ఏర్పడినవి కావు. పై మెట్టు చేప కింది దానికన్నా దాదాపు నాలుగో వంతు పొడవు ఎక్కువ ఉంటుంది, ఆ తేడా చెరిగిపోకుండా కింది చేప తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుంది. పైది పెరిగితే ఇదీ ఆ మేరకు పెరుగుతుంది. పైది ఆగితే ఇదీ ఆగుతుంది.

మెరైన్ ట్యాంకు పెంచే మిత్రుడొకరు ఒకసారి నన్నడిగారు. "రెండూ ఒకేసారి తెచ్చినవేనండీ, ఒకే తిండి వేస్తున్నాను. ఒకటి దిట్టంగా ఎదిగింది, ఇంకోటి అక్కడే ఆగిపోయింది. నీళ్లలో ఏమన్నా తేడా ఉందంటారా?" నీళ్లకు వంకేమీ లేదు. ఆ రెండూ వాటిలో అవి తేల్చుకున్నాయి. పెద్దది ఆడది కాబోతోంది, చిన్నది మగదిగా కుదురుకుంటోంది. తేల్చుకోలేకపోతే ఆయనకు ఒకటే చేప మిగిలి ఉండేది. నేను ఇదంతా చెబితే ఆయన నమ్మినట్టు కనిపించలేదు, ఇంకో బ్రాండు తిండి కొన్నారు.

ఎదుగుదల అనగానే మనం తిండి, వయసు, ఆరోగ్యం అనుకుంటాం. ఇక్కడ అది ఇరుగుపొరుగుతో కుదిరిన ఒప్పందం. ఒప్పందం అనడం కూడా మర్యాదే, అసలుది బెదిరింపు. కింది చేప పైదానితో సమానమయ్యేంత ఎదిగితే అది పోటీదారు అవుతుంది. పైది తరుముతుంది, కొరుకుతుంది, చివరికి అనిమోనీలోంచి వెళ్లగొడుతుంది. అనిమోనీ దాటిన క్లౌన్ ఫిష్ పరిస్థితి ఏమిటో దాని ఈత చూస్తేనే తెలుస్తుంది. గుండ్రటి రెక్కలు, ఊగుతూ సాగే నడక, దాక్కోలేని రంగు. వేటచేపల మధ్య అది ఎంతోసేపు నిలవదు.

ఈ బెదిరింపులో చప్పుళ్లకూ చోటుంది. క్లౌన్ ఫిష్ దవడల్ని టక్కున మూసి పళ్లు తాకించి శబ్దం చేస్తుందని 2007లో సైన్స్ పత్రికలో తేల్చి చెప్పారు. చేప పెద్దదయ్యేకొద్దీ ఆ శబ్దం కీచుదనం తగ్గి మంద్రంగా మారుతుంది. అంటే గొంతు విన్నా ఎవరెంత పెద్దో తెలిసిపోతుంది. చిన్న చేప మాత్రం పెద్దది దగ్గరికి రాగానే ఒళ్లు వణికిస్తూ, పక్కకు వాలుతూ లొంగుబాటు చూపిస్తుంది. ఒక అనిమోనీ ముందు కాసేపు నిలిచి చూస్తే ఈ వణుకు రోజంతా సాగుతూనే ఉంటుందని అర్థమవుతుంది.

మరి ఇంత అణిగిమణిగి ఉండటం ఎందుకు? వేరే అనిమోనీ వెతుక్కోవచ్చుగా? వెతుక్కోవచ్చు, కానీ ఆ దారంతా చావు పొంచి ఉంటుంది. దాటుకుని వెళ్లినా అక్కడా ఇలాంటి వరసే, దాని తోకలో నిలబడాల్సిందే. పెర్క్యులాకు ఏ అనిమోనీ అంటే అది పనికిరాదు కూడా. ప్రపంచంలో క్లౌన్ చేపలు కాపురముండే పెద్ద అనిమోనీలు 10 జాతులుగా లెక్కిస్తారు. క్లార్కీ అనే జాతి ఆ పదింటిలోనూ సర్దుకుంటుంది. పెర్క్యులా మూడింటితో సరిపెట్టుకుంటుంది. ఈ అనిమోనీలు తమ కణజాలంలో ఉండే శైవలాలు (ఆల్గే) చేసే ఆహారం మీద ఆధారపడతాయి గనక ఎండ తగిలే లోతుల్లోనే ఉంటాయి. అలా ఇళ్లన్నీ ఒడ్డుకు దగ్గరగా, నీళ్ల పైపొరల్లో కుదించుకుపోయాయి.

ఉన్నచోట ఉంటే ఏం వస్తుందో కూడా బస్టనే చూశారు. ఈ వరసలో తోపులాట లేదు, మధ్యలో దూరడం లేదు. పైన ఖాళీ వస్తే ఆ కింద ఉన్నదే ఎక్కుతుంది. అలా ఒక్కో మెట్టూ జరుగుతుంది. వరసలోంచి తప్పుకునే దారి చావొక్కటే. చావకుండా చివరిదాకా నిలబడ్డది ఆ ఇంటికి వారసురాలవుతుంది. ఆడచేపలు ఎంతకాలం బతకగలవో మరణాల రేటును బట్టి బస్టన్, మరో పరిశోధకురాలు కలిసి 2007లో అంచనా కట్టారు. వచ్చిన సంఖ్య దాదాపు 30 ఏళ్లు. వేలెడంత చేపకు అది నమ్మశక్యం కాని ఆయుష్షు, అదే సైజు చేపలకు ఊహించే దానికన్నా ఆరు రెట్లు. ఇది కళ్లారా చూసిన వయసు కాదు, లెక్క మీద వచ్చినదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అయినా దాని అర్థం తేలికే. అనిమోనీ లోపల ఉన్నంతసేపు చంపేవాళ్లు దాదాపు లేరు. అన్నేళ్లు బతికే అవకాశం ఉన్నప్పుడు కొన్నేళ్లు అణిగి ఉండటం లాభసాటి బేరమే.

దీన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకది ఒప్పుదల కాదు. వేరే దారి లేనివాళ్లు కదలకుండా ఉండటాన్ని సుగుణం చేయడం పైవాళ్లకు ఎప్పుడూ ఇష్టమైన పనే. ఆ చేప ఓర్చుకోవడం లేదు, లెక్క వేసుకుంటోంది. అంటే పరిణామం దాని తరఫున ఎప్పుడో వేసిపెట్టిన లెక్కను అమలు చేస్తోంది.

పెద్ద జంట ఈ పరాయి చేపల్ని ఎందుకు ఉండనిస్తుందన్నది ఇంకా చిక్కైన ప్రశ్న. బంధువులైతే సరేననుకోవచ్చు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే గుంపులోని చేపల మధ్య చుట్టరికం ఏమీ లేదని తేలింది. పోనీ గుడ్లకు కాపలా కాస్తాయా? కాయవు. ఆ జంట ఎదుగుదల మీద, బతుకు మీద, సంతానం మీద చిన్న చేపల ప్రభావం మంచికీ చెడుకీ కూడా కనబడలేదు. నాకు తోచేదేమిటంటే, అవి ఏ నష్టమూ చేయలేనంత చిన్నగా తమను తాము ఉంచుకోవడమే అక్కడ ఉండనిచ్చినందుకు అవి కట్టే అద్దె. తరిమే శ్రమ కూడా దండగ అనిపించేంత చిన్నగా ఉండాలి, అంతే.

ఇప్పుడు ఆ లింగమార్పు సంగతికి వద్దాం. హాన్స్ ఫ్రిక్, సిమోన్ ఫ్రిక్ 1977లో దీన్ని నేచర్‌లో వివరించారు. ఆడది పోతే మగది ఆడదవుతుంది, సంతానం లేని వాటిలో పెద్దది మగదవుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఎందుకు ఇలా అనేది చాలామంది వదిలేస్తారు, నాకు అదే అసలు రుచి.

ఒక ఇంట్లో ఒకే జంటకు చోటున్నప్పుడు, ఆ జంట ఎన్ని గుడ్లు పెట్టగలదన్నది ఆడదాని ఒంటి సైజు తేలుస్తుంది. పెద్ద ఒళ్లు, ఎక్కువ గుడ్లు. వీర్యం విషయంలో ఆ ఇబ్బంది లేదు, చిన్న మగది కూడా ఆ గుడ్లన్నిటికీ సరిపడా ఇవ్వగలదు. కాబట్టి ఇద్దరిలో పెద్దది ఆడది కావడమే ఇద్దరికీ లాభం. ఒక మగది పది ఆడవాటిని ఏలే చేపల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ పెద్దదయ్యాక మగదవడం మేలు, చాలా రాస్ చేపలు చేసేది అదే. క్లౌన్ ఫిష్ ఇంట్లో జనానాకు చోటు లేదు.

ఇంకో సంగతి ఉంది. పుట్టుకతోనే ఆడా మగా తేలిపోయాయనుకోండి. ప్రవాహం తెచ్చి పడేసిన రెండు చేపలు ఒకే ఇంట్లో చేరితే, సగం సార్లు రెండూ ఒకే లింగం అయ్యుంటాయి. జోడు కోసం ఇల్లు దాటాలి, దాటితే చావాలి. అదే లింగం మెట్టును బట్టి తేలితే, ఏ రెండు చేపలైనా జంట కాగలవు. జోడు పోయినా బయటికి కాలు పెట్టక్కర్లేదు, కింది మెట్టు చేప సిద్ధంగా ఉంటుంది. అంచున తిరిగే ఆ బుల్లి చేపల్లో బీజగ్రంథులు ఉంటాయి గానీ పని మొదలుపెట్టవు. ఎటు వెళ్లాలో ఇంటి లెక్క తేల్చేదాకా ఆగుతాయి.

మార్పు కూడా మనం అనుకున్నంత చిటికెలో జరగదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఒసెల్లారిస్ మీద చేసిన పని 2019లో బయటికొచ్చింది. రెండు మగ చేపల్ని కలిపి పెడితే, గెలిచినదాని మెదడులో ఆడచేపకు ఉండే తీరు మొదట వచ్చేస్తుంది. బీజగ్రంథులు ఇంకా మగవిగానే ఉండగా మెదడు, నడవడిక ఆడవైపు మళ్లుతాయి. ఒళ్లు ఆ మార్పును అందుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లు కూడా పట్టవచ్చు. ఈ మధ్యకాలంలో అది ఏ పెట్టెలో ఇముడుతుందో చెప్పమంటే జీవశాస్త్రం చేతులెత్తేస్తుంది.

ఇక్కడే జనం వాదనలకు దిగుతారు. మనుషుల లింగం గురించి గొడవ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ చేపను సాక్ష్యానికి పిలుస్తారు, రెండోవారు చేపకూ మనిషికీ ఏం సంబంధమని కొట్టిపారేస్తారు. మనుషుల హక్కులు చేప మీద ఆధారపడి ఉండవని నా అభిప్రాయం, ఆధారపడనక్కర్లేదు కూడా. ఈ చేప మార్పు ఒకే దారి, ఆడది తిరిగి మగది కాదు. అది ఇష్టం అడిగి జరిగేదీ కాదు, పైమెట్టు ఖాళీ అయితే జరిగేది. ఈ చేప ఒక్క మాట మీద మాత్రం సాక్ష్యం చెబుతుంది. పుట్టుకతో తేలి, జీవితాంతం మారని లింగం అనేది జీవలోకమంతటికీ నియమం కాదు. అంతకుమించి దాని చేత చెప్పించకూడదు.

అనిమోనీ కుట్టదా అంటే, కుడుతుంది. టెంటకిల్స్ నిండా సూదుల్లా విచ్చుకునే విషకణాలు. కొత్తగా వచ్చిన క్లౌన్ ఫిష్ కొన్ని జాతుల్లో మెల్లగా ముట్టి, వెనక్కి తగ్గి, మళ్లీ ముట్టి గంటల తరబడి అలవాటు పడుతుంది. రహస్యం దాని ఒంటి జిగటలో ఉందని అందరూ ఒప్పుకున్నా, ఆ జిగట చేప సొంతమా లేక అనిమోనీ నుంచి పులుముకున్నదా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. విషకణాలు పేలడానికి ఆనవాలుగా పనిచేసే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర జాతి పదార్థం క్లౌన్ ఫిష్ జిగటలో బాగా తక్కువని 2025లో వచ్చిన పరిశోధన చూపింది. లార్వాగా, అంటే గుడ్డులోంచి వచ్చిన తొలి దశలో ఉన్నప్పుడు అది మామూలు చేపలకున్నంతే ఉంటుంది, చారలు వచ్చి ఇంటికి చేరే వయసులో పడిపోతుంది.

చేప వల్ల అనిమోనీకి ఒరిగేది కూడా చిన్నదేమీ కాదు. చేప వదిలే అమ్మోనియా దానిలోని శైవలాలకు ఎరువు. టెంటకిల్స్ కొరుక్కుతినే సీతాకోకచిలుక చేపల్ని క్లౌన్ ఫిష్ తరిమేస్తుంది. రాత్రివేళ టెంటకిల్స్ మధ్య కదులుతూ నీటిని కలియబెట్టి ప్రాణవాయువు అందేలా చేస్తుందని ఎర్రసముద్రపు జాతి మీద 2013లో చూపారు. అయినా ఈ బంధం సమానమైనది కాదు. చేప లేని అనిమోనీ బతకవచ్చు. అనిమోనీ లేకుండా ఎదిగిన క్లౌన్ ఫిష్ సముద్రంలో బతికినట్టు ఎవరూ చూడలేదు. స్నేహం అని పిలవాలంటే పిలవండి, నేను మాత్రం అవసరం అంటాను.

గుడ్ల సంగతి కొంచెం. అనిమోనీ పాదం పక్కన రాయిని నోటితో శుభ్రం చేసి దానికి అంటిస్తాయి. ఎవరైనా వస్తే అనిమోనీ నీడ వాటి మీద ఉంటుంది. రెక్కలతో విసరడం, పాడైన గుడ్లు ఏరి తినేయడం ఎక్కువగా మగదాని పని. ఆరేడు నుంచి పది రోజుల్లో, సూర్యాస్తమయం తర్వాత చీకట్లో గుడ్లు పగులుతాయి. చీకటి అనేది అలంకారం కాదు, షరతు. ఒసెల్లారిస్ గుడ్లకు రాత్రిపూట దీపం వెలుగు తగిలేలా ఉంచితే ఒక్కటీ పగలలేదని 2019లో తేలింది, దీపం తీసేశాక పగిలాయి. తీరాల వెంట వెలుగులు పెరిగిపోతున్న ఈ రోజుల్లో ఇది నన్ను చాలా కలవరపెట్టిన ఫలితం.

బయటికొచ్చిన లార్వాలు దాదాపు పది రోజుల పాటు నీటిలో కొట్టుకుపోతాయి. అవి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదని చాలాకాలం అనుకున్నారు. కింబే బే అనే చోట, ఇదీ పపువా న్యూ గినీయే, పరిశోధకులు ఒక చక్కటి ఉపాయం చేశారు. తల్లిచేపలకు అరుదైన బేరియం ఐసోటోప్ ఎక్కించారు. అది గుడ్లలోకి దిగి, పిల్లల చెవిలోని సున్నపు రాళ్లలో ముద్రలా నిలిచిపోతుంది. కింబే దీవిలో కొత్తగా చేరిన పిల్లల్ని పరీక్షిస్తే దాదాపు 60 శాతం ఆ దీవిలో పుట్టినవే. 2007 నాటి ఫలితం ఇది. తర్వాత డీఎన్‌ఏతో చూస్తే కొన్ని 35 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లినట్టు కూడా తేలింది. ఒమాన్ తీరపు జాతిలోనైతే 400 కిలోమీటర్లు దాటినవీ ఉన్నాయి. సొంత దీవికి తిరిగొచ్చినా సొంత అనిమోనీకి మాత్రం రావు. అందుకే ఆ ఫొటోలో కుటుంబం లేదు.

చేరాల్సిన ఇల్లు ఏదన్నది ఒంటి మీద కూడా రాసి ఉంటుంది. కింబే బేలోనే కార్పెట్ అనిమోనీలో చేరిన పెర్క్యులా పిల్లలకు తెల్ల చారలు త్వరగా వస్తాయి, మాగ్నిఫిసెంట్ అనిమోనీలో చేరినవాటికి ఆలస్యంగా. కారణం థైరాయిడ్ హార్మోన్లని 2021లో తేల్చారు. ఇల్లు మారితే హార్మోన్ మారి, చారల వేళ మారుతోంది. ఆ చారలు ఉత్త అందం కోసమూ కాదు. ఒకినావాలో 2024లో అచ్చయిన ప్రయోగంలో ఒసెల్లారిస్ చేపలు తమలాగే మూడు చారలున్న ఆగంతకుల్ని, బొమ్మల్ని ఎక్కువగా తరిమాయి. చారలు లేనివాటిని, ఒకే చార ఉన్నవాటిని అంతగా పట్టించుకోలేదు. తమ ఇంటికి పోటీ వచ్చేది ఎవరో అవి చారలు చూసి గుర్తిస్తున్నాయి.

ఇక 2023 వేసవి. కింబే బేలో నీళ్లు బాగా వేడెక్కాయి. ఆ నెలల్లో 134 పెర్క్యులాలను నెలనెలా కొలుస్తూ వచ్చినవాళ్లకు ఎదురుచూడనిది దొరికింది, చేపలు పొట్టివయ్యాయి. బరువు తగ్గడం కాదు, పొడవు తగ్గడం. అలా కుంచించుకున్నవాటికి ఆ వేడిని తట్టుకుని బతికే అవకాశం 78 శాతం దాకా పెరిగింది. జోడుతో కలిసి కుంచించుకున్నవి ఇంకా మెరుగ్గా నిలిచాయి. 2025లో ఈ వార్త వచ్చినప్పుడు వాతావరణానికి ఒదిగిపోయే చేప అని అందరూ సంబరపడ్డారు. నేను అంత సంబరపడలేదు. కలిసి కుంచించుకోవడం ఎందుకు మేలు చేసిందో పై మెట్ల సంగతి తెలిసినవాళ్లకు తేలిగ్గానే తోస్తుంది. ఒకటే తగ్గితే తేడా చెడుతుంది, తేడా చెడితే గొడవ. ఒంటి సైజును పొరుగు మీద కన్నేసి సర్దుకోవడం ఈ చేపకు కొత్త విద్య కాదు, బతుకంతా చేసేది అదే. పైగా చేప ఎంత కుంచించుకున్నా అనిమోనీని చల్లబరచలేదు.

అనిమోనీ కూడా పగడాల్లాగే వేడికి శైవలాలను కోల్పోయి తెల్లబడుతుంది. 2016లో ఫ్రెంచ్ పాలినీషియాలోని మూరియా దగ్గర అలా జరిగింది. అక్కడి క్లౌన్ ఫిష్ జాతిని అంతకుముందు నుంచీ గమనిస్తున్నవాళ్లకు పోలిక దొరికింది. తెల్లబడ్డ అనిమోనీల్లోని చేపల్లో ఒత్తిడి హార్మోన్ పెరిగింది, సంతానోత్పత్తి 73 శాతం పడిపోయింది. చేపల్లో చాలావరకు బతికే ఉన్నాయి. పైనుంచి ఈదుకుంటూ పోయి చేపల్ని లెక్కపెట్టేవాడికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది. 2012లో పెర్క్యులాను ఆపదలో ఉన్న జాతుల చట్టం కింద చేర్చాలని అమెరికాలో ఒక పర్యావరణ సంస్థ అర్జీ పెట్టింది. పరిశీలించిన ప్రభుత్వ మత్స్య విభాగం 2015లో అవసరం లేదని తేల్చింది. ఆ నిర్ణయం తప్పని నేననను, పెర్క్యులా రేపో మాపో అంతరించిపోయే చేప కాదు. కానీ ఇలాంటి చర్చలన్నీ చేపల సంఖ్య చుట్టూ తిరుగుతాయి. ఒక దిబ్బ మీద వంద చేపలున్నాయంటే దాని అర్థమేమిటి? అందులో గుడ్లు పెట్టేవి యాభైయా, ఇరవైయా? ఇరవై ఇళ్లలో ఒక్కోదానిలో అయిదు చేపలుంటే గుడ్లు పెట్టే జంటలు ఇరవై. నలభై ఇళ్లలో పంచుకుని ఉంటే నలభై. తలల లెక్క రెండుచోట్లా వందే.

పట్టేవాళ్ల విషయమూ అంతే. అక్వేరియంలకు ఈ చేపల్ని ట్యాంకుల్లో పెంచి అమ్మడం ఎప్పుడో కుదిరింది, పెర్క్యులా, ఒసెల్లారిస్ రెండూ చెరలో తేలిగ్గా గుడ్లు పెడతాయి. అయినా సముద్రం నుంచి పట్టడం ఆగలేదు. అంచున ఉన్న చిన్న చేపను తీస్తే వరస ఒక మెట్టు కురచ అవుతుంది. పెద్ద ఆడచేపను తీస్తే దాని చోటు నిండుతుంది గానీ కొత్త ఆడది చిన్నది, గుడ్లు తక్కువ, లింగం మారేదాకా అసలే ఉండవు. అనిమోనీనే పెకలించి తీసుకుపోతే ఆ వరస మొత్తం ఒక్క పూటలో పోతుంది, లార్వాలు వచ్చినా దిగడానికి చోటుండదు. ఫిలిప్పీన్స్‌లోని సెబు ప్రాంతంలో రెంటినీ పట్టే చోట్ల రెండూ పలచబడ్డాయని 2005లోనే నమోదైంది. చేపకు పరిమితులు పెట్టి అనిమోనీని వదిలేసే నియమం ఏదైనా నా దృష్టిలో సగం నియమమే.

కాబట్టి దిబ్బల మీద సర్వే చేసేవాళ్లు రాసుకోవాల్సిన మొదటి గడి చేపల సంఖ్య కాకూడదు. అనిమోనీలు ఎన్ని, ఒక్కోటి ఎంత వెడల్పు, రంగు ఉందా తెల్లబడిందా, లోపల ఎన్ని మెట్లు, అన్నిటికన్నా పెద్ద చేప పొడవెంత. మూరియా చేపల విషయంలో ఇలా రాసుకున్నవాళ్లు ఉండబట్టే ఇంకో సంగతి కూడా తెలిసింది. మూడు నాలుగు నెలలకు అనిమోనీలకు రంగు తిరిగొచ్చింది, దాంతోపాటే చేపల హార్మోన్లూ గుడ్లూ మునుపటి స్థాయికి వచ్చాయి. అనిమోనీ చచ్చిపోయి ఉంటే ఆ చేపలు ఎన్ని మెట్లు దిగినా కోలుకునేవి కావు.